పెద్ద క్రూయిజ్ ఓడలో షోలు ముందే బుక్ చేసుకోవాలా? బరంపురం వైపు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి క్రూయిజ్‌కు బయల్దేరే కుటుంబాలు ముందుగా అడిగేది వీసా గురించి, ఆ తర్వాత భోజనం గురించి. షోల ఊసు చాలామందికి ఓడ ఎక్కాక గానీ రాదు. అప్పటికి మంచి వేళలన్నీ నిండిపోయి ఉంటాయి. సింగపూర్ నుంచి తిరిగే పెద్ద ఓడలను, అమెరికా వైపు తిరిగే ఇంకా పెద్ద ఓడలను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. మన తీరం నుంచే వెళ్లే కార్డీలియా అనే కంపెనీ ఓడ సంగతి విడిగా చెప్పాను.

ఒక్క ముక్కలో చెప్పండి. ముందే బుక్ చేసుకోవాలా, అక్కర్లేదా?

ఓడ పెద్దదై, షో ఉచితమై, ముందస్తు బుకింగ్ ఉన్న కంపెనీ అయితే తప్పకుండా చేసుకోండి. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు, చేతి నుంచి పైసా పోదు. డబ్బు కట్టాల్సిన వినోదాలకు మాత్రం ఆ తొందర పనికిరాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే మనవాళ్లలో సగం గందరగోళం. ఉచితం కదా అని షోలను పట్టించుకోరు, ఆఫర్ అని కనపడగానే డబ్బు కట్టేవి కొనేస్తారు. చేయాల్సింది సరిగ్గా దానికి తిరగేసి.

షోలన్నీ టికెట్టులోనే కలిసి ఉన్నాయన్నారు. మళ్లీ బుకింగ్ ఎందుకు?

టికెట్టులో ఉన్నది చూసే హక్కు. సీటు అందులో లేదు. లెక్క చూస్తే తేలిపోతుంది. రాయల్ కరీబియన్ కంపెనీ వారి ఒయాసిస్ తరగతి (ఒకే నమూనాలో కట్టిన ఓడల వరుస) ఓడలో గదికి ఇద్దరు చొప్పున లెక్కేసినా సుమారు 5,500 మంది ప్రయాణికులు ఉంటారు. పెద్ద థియేటర్లో పట్టేది సుమారు 1,400 మంది. వెనక భాగంలో నీటి విన్యాసాలు చూపించే ఆరుబయటి వేదిక దగ్గర ఆరేడు వందల సీట్లు. అంటే ఆ నీటి షోను నాలుగుసార్లు వేసినా ఓడలో సగం మంది చూడకుండానే దిగిపోతారు. 2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అయితే నిండా ఎక్కితే 7,600 మంది.

పెళ్లి భోజనాలలో బంతులు వేసినట్టే ఓడవాళ్లూ ఒకే షోను రాత్రికి రెండుసార్లు వేస్తారు. మొదటి బంతి తిన్నవాళ్లు రెండో ఆటకు, రెండో బంతివాళ్లు మొదటి ఆటకు వెళతారని వారి అంచనా. ఆ అంచనా తప్పని రోజు ఉండదు. అందుకే బుకింగ్ పెట్టారు.

మీరు ఎక్కే ఓడ ఏదైనా ఈ చిన్న లెక్క వేసుకోండి: హాలులో ఎన్ని సీట్లు, ఎన్నిసార్లు వేస్తారు, ఓడలో ఎంతమంది. మొదటి రెండింటినీ గుణిస్తే వచ్చే అంకె మూడోదానికి దగ్గరగా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. సగానికి పడిపోతే ఈ రోజే ఓడ కంపెనీ యాప్ తెరవండి.

మేం విశాఖ నుంచి కార్డీలియా ఎక్కుతున్నాం. మాకూ ఇదంతా వర్తిస్తుందా?

అంతగా వర్తించదు. కార్డీలియా నడిపే ఎంప్రెస్ 1990 నాటి ఓడ. గ్రాస్ టన్నేజీలో (ఇది బరువు కాదు, ఓడ లోపలి చోటును కొలిచే లెక్క) దాని పరిమాణం 48,563 టన్నులు. ఐకాన్ 2,48,663 టన్నులు, అంటే ఐదు రెట్లకు పైమాటే. ఎంప్రెస్‌లో జనం తక్కువ, హాళ్లూ తక్కువే. అక్కడ చూసుకోవాల్సింది ఒక్కటే: ఏ షో టికెట్టులో కలిసి ఉంది, దేనికి విడిగా డబ్బు కట్టాలి. గది బుక్ చేసేటప్పుడే ఏజెంటును అడిగి రాయించుకోండి. ఉచిత షోకు ముందుగా వెళ్లి కూర్చుంటే చాలు.

విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో మొదలైంది గానీ ఓడ అక్కడికి ఏడాది పొడుగునా రాదు, కొన్ని నెలల్లోనే వస్తుంది. మిగతా రోజుల్లో చెన్నై గానీ ముంబయి గానీ పోవాలి. ముంబయికి మన వైపు నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది. బరంపురంలో ఎక్కితే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగవచ్చు, ఓడరేవు అక్కడికి దగ్గరే. ఒకటిన్నర రోజు రైల్లో కూర్చుని అదే పూట ఓడ ఎక్కడం మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ఏ కంపెనీలో పద్ధతి ఎలా ఉంటుంది?

రాయల్ కరీబియన్ పెద్ద ఓడలలో ప్రయాణానికి ముందే వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ ఉచిత షోలకు సీటు పెట్టుకోవచ్చు. నార్వేజియన్‌లోనూ అంతే. అక్కడ భోజనంతో కలిపిన కొన్ని ప్రదర్శనలకు విడిగా డబ్బు తీసుకుంటారు. ఎంఎస్‌సీ పెద్ద ఓడలలో వారి యాప్ ద్వారానో, ఓడలోని తెరల మీదనో వేళ ఎంచుకోవాలి. కార్నివాల్‌లో చాలా షోలకు బుకింగే ఉండదు, ముందు వచ్చినవారిదే సీటు. సింగపూర్ నుంచి తిరిగే జెంటింగ్ డ్రీమ్ ఓడలో మన దేశం వాళ్లు ఎక్కువగా ఎక్కుతారు. దానికి వెళ్లేవారు మీ ప్రయాణం తేదీకి ఏ షోలకు ముందస్తు పేరు నమోదు అవసరమో టికెట్టు ఇచ్చినవారినే అడగండి.

ఒక జాగ్రత్త. ఒకే కంపెనీలో కూడా ఓడ ఓడకూ పద్ధతి మారుతుంది. మీ బావమరిది నిరుడు వెళ్లి వచ్చిన ఓడ మాట మీ ఓడకు ప్రమాణం కాదు. కంపెనీ పేరు కాకుండా ఓడ పేరు పెట్టి అడగడం అలవాటు చేసుకోండి.

ఏ షోలు ముందు పట్టుకోవాలి, వేటిని వదిలేయవచ్చు?

చిన్న హాలులో కొద్దిసార్లే వేసేవి ముందు. ఒయాసిస్ తరగతిలో నీటి షో, ఐస్ మీద స్కేటింగ్ షో ఈ కోవలోవి. సముద్రం మీద ఐస్ రింకు పెట్టిన మొదటి ఓడ 1999లో వచ్చిన వాయేజర్ ఆఫ్ ది సీస్. ఇన్నేళ్లయినా ఐస్ షో అంటే జనానికి మోజు తగ్గలేదు. నడిచే ఓడలో, మామూలు రింకు కన్నా చాలా చిన్నదైన మంచు పలక మీద స్కేటర్లు గిరగిరా తిరుగుతూ ఒకరినొకరు గాలిలోకి ఎత్తుకోవడం చూస్తే ఎందుకు తగ్గలేదో తెలుస్తుంది.

సింగపూర్‌కు ఏ ఏడాది ఏ ఓడ వస్తుందో మారుతూ ఉంటుంది గానీ, రాయల్ కరీబియన్ వారి క్వాంటమ్ తరగతి ఓడ దొరికితే అందులో వెనక వైపు ఎత్తైన అద్దాల హాలు ఒకటుంది. టూ సెవెంటీ అంటారు. పగలు కూర్చుని సముద్రం చూసే చోటు, రాత్రికి అదే షో వేదిక. కదిలే పెద్ద తెరలు, పైనుంచి దిగే కళాకారులు ఉంటారు. పెద్ద థియేటర్ కన్నా ఇక్కడ సీట్లు తక్కువ కాబట్టి ముందు దీన్ని చూసుకోండి. అదే ఓడలో గాలి గొట్టంలో మనిషిని తేల్చే ఆట ఉంటుంది. అందులోకి ఒకసారి ఒక్కరే వెళ్లగలరు. కాబట్టి రోజంతా నడిపినా వేళలు తొందరగా అయిపోతాయి. పిల్లలు పట్టుబడతారని తెలిస్తే అది మొదటి వరుసలో ఉండాలి. డబ్బు కట్టాలా, ఉచితమా అన్నది ఓడను బట్టి ఉంటుంది.

ఆ తర్వాత పెద్ద థియేటర్లో వేసే సంగీత నాటకం. చాలాసార్లు వేస్తారు కాబట్టి మొదటి ప్రయత్నంలో దొరక్కపోయినా కంగారు అక్కర్లేదు.

బుకింగ్ లెక్కలోంచి వదిలేయవలసినవి: బార్లలో పాటలు, క్విజ్‌లు, డెక్ మీద డాన్సు, కరవోకే, సినిమాలు, ఊరేగింపులు. వీటికి బుకింగ్ ఉండదు. నా మటుకు నాకు ఓడలో అసలైన సరదా ఇక్కడే ఎక్కువ. ప్రతి సాయంత్రాన్నీ బుకింగులతో నింపేసి వాచీ చూసుకుంటూ పరుగులు పెట్టేవాళ్లకు ఇది అందదు. రాత్రికి ఒక షో చాలు.

బుకింగ్ ఎప్పుడు తెరుస్తారు?

ఒకే తేదీ అంటూ లేదు. కొన్ని ప్రయాణాలకు రెండు మూడు నెలల ముందే కనిపిస్తుంది, కొన్నిటికి నెల ముందు గానీ రాదు. మొత్తం డబ్బు కట్టేశాక వారానికోసారి యాప్ తెరిచి చూడండి. ప్రయాణం నెలలోపుకు వచ్చాక రెండు రోజులకోసారి చూడండి. షోల పేర్లు కనిపించి వేళలు లేకపోతే ఇంకా తెరవలేదని అర్థం, నిండిపోయిందని కాదు.

బరంపురంవారికి మరో మాట. రెండేళ్లకోసారి చైత్రంలో వచ్చే బూఢీ ఠాకురాణి యాత్ర నెలలో పెద్దవాళ్లు ఊరు కదలరు. యాత్ర తేదీలు తేలాక ఓడ తేదీ మార్చుకుంటే, పాత ప్రయాణం మీద పెట్టుకున్న షోలన్నీ పోతాయి. కొత్త తేదీకి మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి, అవి వాటంతట అవి మారవు.

ఏజెంటు ద్వారా టికెట్టు తీసుకున్నాం. యాప్‌లో మా ప్రయాణం కనిపించడం లేదు. ఎందుకు?

మన జిల్లాలలో అందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే. కారణాలు రెండు.

మొదటిది, భువనేశ్వర్ లేదా విశాఖ ఏజెంటు మీకు ఇచ్చేది తన సొంత రసీదు నంబరు. యాప్‌కు కావలసింది ఓడ కంపెనీ ఇచ్చే బుకింగ్ నంబరు. ఆ నంబరు ఇవ్వమని గట్టిగా అడగండి. "అన్నీ మేమే చూసుకుంటాం సార్" అంటే ఒప్పుకోకండి. వాళ్లు చూసుకునేది గది, భోజనం, విమానం. షోలు ఎవరూ చూడరు. బృందం కోసం ఏజెంటు గదులను గుత్తగా తీసి ఉంచినప్పుడు, మీ పేరు ఆ గదికి ఎక్కించేదాకా యాప్‌లో ఏమీ కనపడదు. పేర్లు ఏ తేదీకి ఎక్కిస్తారో ముందే తెలుసుకోండి.

రెండోది, పేరు. మన ఇళ్లలో ఒకే మనిషికి రెండు మూడు రకాల పేర్లు కాగితాల మీద ఉంటాయి. ఇంట్లో విజయ, ఒడియా బడి రికార్డులో బిజయ. ఇంట్లో వెంకటరావు, ఆధార్‌లో బెంకట రావు. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఒక చోట ఒట్టి పొడి అక్షరం. ఓడ కంపెనీకి పాస్‌పోర్టు ఒక్కటే ప్రమాణం. అందులో ఉన్న ఇంటిపేరు గడిలోనిదే యాప్‌లో ఇంటిపేరు గడిలో వేయాలి. ఏజెంటు ఆధార్ చూసి టైపు చేసి ఉంటే యాప్ మిమ్మల్ని గుర్తుపట్టదు. షో పోతే పోయింది, ఓడ ఎక్కే రోజు కౌంటరు దగ్గర ఇదే పెద్ద తలనొప్పి అవుతుంది. కాబట్టి టికెట్టు చేతికి రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి.

మేం ఇరవై మందిమి, ఐదారు గదులు. అందరం కలిసి కూర్చోగలమా?

ఈ బుకింగులు చాలావరకు హాలులోకి రానిచ్చేవే, ఫలానా కుర్చీ అని రాసి ఇవ్వరు. కలిసి కూర్చోవాలంటే కలిసి, తొందరగా వెళ్లాలి. అరగంట ముందు ఇరవై మందీ తలుపు దగ్గరుంటే ఒకే చోట రెండు వరుసలు దొరుకుతాయి. నలుగురిని పంపి పదహారు కుర్చీల మీద కండువాలు వేయించే పద్ధతి అక్కడ చెల్లదు, సిబ్బంది వచ్చి తీయమంటారు.

బుకింగ్ చేసేటప్పుడు ఒక గదివారి యాప్‌లో మిగతా గదుల వారిని కలుపుకోవాలి. ఇందుకు అందరి బుకింగ్ నంబర్లూ కావాలి. ఒకరు బాధ్యత తీసుకుని అందరి పేర్ల మీదా ఒకే వేళకు పెట్టాలి. ఎవరి గది వారు చేసుకుందామంటే అక్కకు ఏడు గంటల ఆట, చెల్లెలికి తొమ్మిదింటి ఆట వస్తాయి.

చంటిబిడ్డ పేరు మీద కూడా సీటు పెట్టాలి. ఒళ్లో కూర్చుంటుంది కదా అని వదిలేస్తే తలుపు దగ్గర లెక్క తేలదు.

డబ్బు కట్టాల్సిన వినోదాలు ముందే కొనాలా?

మూసిన గదిలోంచి చిక్కుముడులు విప్పి బయటపడే ఆట (ఎస్కేప్ రూమ్), ఓడ లోపలి భాగాలు చూపించే టూరు, ప్రత్యేక రెస్టారెంట్లు, స్పా వంటివి ఇందులో వస్తాయి. ముందే కొంటే ఓడలో కన్నా సాధారణంగా ధర తక్కువ. అయినా మొదటి రోజే కొనకండి. ధర పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కొన్నాక తగ్గితే, రద్దుకు గడువు ఉన్నంత వరకు పాతది రద్దు చేసి కొత్త ధరకు తీసుకోవచ్చు. ఆ గడువు ఎప్పటిదాకా అన్నది కొనే ముందే చదవండి. నా సలహా, కుటుంబం మొత్తానికి ఇలాంటిది ఒక్కటి చాలు. టికెట్టులో ఉన్నవే చూడడానికి రోజులు సరిపోవు.

ధరలు డాలర్లలో ఉంటాయి. మీ కార్డు మీద బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము, దాని మీద జీఎస్‌టీ వేస్తుంది. కాబట్టి తెర మీద కనిపించిన అంకె కన్నా ఖాతాలో కాస్త ఎక్కువే కోతపడుతుంది. ఇంకొకటి, 2020 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులలో విదేశీ వాడకం మూసి ఉంటుంది. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మనమే తెరవాలి. ఇది తెలియక "కార్డు పనిచేయడం లేదు" అని రాత్రి పదకొండింటికి ఫోను చేసేవారు ఎందరో.

ముందు బుక్ చేసుకోలేదు, ఓడ ఎక్కేశాం. ఇక ఆశ లేదా?

చాలా ఉంది. ఓడ ఎక్కగానే గదికి వెళ్లి మంచం మీద వాలకుండా యాప్ తెరవండి. ముందస్తు సీట్లు కొన్నే ఇచ్చి, కొన్నింటిని ఎక్కే రోజున వదిలే ఓడలు ఉన్నాయి. పైగా మనసు మార్చుకున్నవారి సీట్లు రోజూ ఖాళీ అవుతుంటాయి. పొద్దున్న కాఫీ తాగుతూ ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి.

అదీ దొరక్కపోతే స్టాండ్‌బై వరుస. హాలు ముందు రెండు వరుసలు ఉంటాయి. ఒకటి బుకింగ్ ఉన్నవారిది, చేతిలో పరికరం పట్టుకున్న అమ్మాయి గది కార్డును గీకి లోపలికి పంపుతుంది. పక్కన తాడు కట్టిన చోట మిగతావారు నిలబడతారు. షోకు పది పదిహేను నిమిషాల ముందు ఆ తాడు విప్పుతారు. రాని వారి సీట్లన్నీ అప్పుడు వీళ్లవే. ఉచిత బుకింగ్ కదా, పెట్టుకుని రానివారు ప్రతి ఆటకూ ఉంటారు. ఇద్దరు ముగ్గురైతే స్టాండ్‌బైలో ముందు నిలబడితే దాదాపుగా లోపలికి వెళతారు. పది మంది ఒకే చోట కూర్చోవాలంటే మాత్రం ఇది కుదరదు.

మొదటి రాత్రి ఆటను చాలామంది వదిలేస్తారు, ప్రయాణపు అలసట ఒకటి, సామాను గదికి ఇంకా రాలేదన్న బెంగ ఒకటి. మీకు ఓపిక ఉంటే ఆ రాత్రే ప్రయత్నించండి.

అంటే బుకింగ్ ఉన్నవాళ్లం కూడా ఆలస్యంగా వెళితే సీటు పోతుందా?

పోతుంది. షో మొదలయ్యే వేళకు వెళ్లడం ఆలస్యం కిందే లెక్క. కనీసం ఇరవై నిమిషాల ముందు లోపల ఉండండి. "ఫోనులో చూడండి, నా పేరు ఉంది" అని తలుపు దగ్గర వాదించి లాభం లేదు.

ఏ రోజు ఏ షో పెట్టుకోవాలి?

ముందు ఓడ ఏ రోజు ఎక్కడ ఆగుతుందో కాగితం మీద రాసుకోండి. రేవులో దిగి పగలంతా ఎండలో తిరిగిన రోజు రాత్రి రెండో ఆట పెట్టుకుంటే హాలులో గురక పెడతారు. ఆ రోజు మొదటి ఆట గానీ, అసలు ఏదీ లేకుండా గానీ ఉంచండి. ఓడ రోజంతా సముద్రంలోనే ఉండే రోజున అందరూ షోల మీద పడతారు కాబట్టి ఆ రోజుకే బుకింగ్ ముఖ్యం.

తర్వాత భోజనం వేళ. పెద్ద భోజనశాలలో ఆరు ప్రాంతంలో ఒక విడత, ఎనిమిది ప్రాంతంలో ఒక విడత ఉండడం పాత పద్ధతి. కూర్చోబెట్టి వడ్డించే ఈ భోజనానికి గంటన్నర పడుతుంది. శాకాహారులు, ఉల్లి వెల్లుల్లి తినని వారు చెప్పి చేయించుకుంటే ఇంకాస్త. ఆరుకు తినేవారు ఎనిమిది తర్వాతి ఆట, ఎనిమిదికి తినేవారు ఆరున్నర ఏడు ఆట పెట్టుకోవాలి. తేడా వస్తే భోజనం మానుకోకండి, బఫేకు వెళ్లండి.

ఇక గడియారం. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఫుకెట్ వైపు వెళితే థాయిలాండ్ సమయం సింగపూర్ కన్నా గంట వెనక. ఒడ్డు దగ్గరకు రాగానే ఫోను తనంతట తాను సమయం మార్చుకుంటుంది, ఓడ మార్చుకోకపోవచ్చు. షోలు, భోజనం, తిరిగి ఓడ ఎక్కే వేళ అన్నీ ఓడ సమయం ప్రకారమే. చేతికి మామూలు వాచీ ఒకటి పెట్టుకుని ఓడ సమయానికి తిప్పి వదిలేయండి.

యాప్ వాడాలంటే ఇంటర్నెట్ ప్యాకేజీ కొనాలా?

అక్కర్లేదు. పెద్ద కంపెనీల యాప్‌లు ఓడలోని వైఫైకి కలిపితే చాలు, ఉచితంగా పనిచేస్తాయి. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం తెరవండి. అలా చేయకపోతే సముద్రం మధ్యలో ఓడ నెట్‌వర్కు తగులుకుని బిల్లు వాచిపోతుంది. యాప్‌ను ఇంటి దగ్గరే దింపుకుని ఒకసారి తెరిచి చూడండి. స్మార్ట్‌ఫోను లేని పెద్దవారి కోసం పిల్లలే చేసిపెట్టవచ్చు, తలుపు దగ్గర వారికి గది కార్డు చాలు.

మా అమ్మకు తెలుగు, ఒడియా తప్ప ఇంగ్లిష్ రాదు. ఆమెకు ఏ షో బాగుంటుంది?

ఐస్ షో, నీటి షో, సర్కస్ విన్యాసాలు. వీటిలో మాట దాదాపు ఉండదు. యాభై అడుగుల ఎత్తు నుంచి మనిషి నీళ్లలోకి దూకితే ఏ భాషవారైనా గుండె పట్టుకుంటారు. పాటలు, డాన్సులు ఉండే షో కూడా ఫరవాలేదు. కామెడీ మాత్రం వద్దు. అమెరికావారి హాస్యం ఇంగ్లిష్ బాగా వచ్చినవారికే సగం అందదు. రాత్రి ఆలస్యంగా వేసే కామెడీకి పెద్దలకు మాత్రమే అని రాసి ఉంటుంది. అది మర్యాద కోసం రాసింది కాదు, నిజంగానే కుటుంబంతో కూర్చుని వినలేరు.

హాళ్లలో ఏసీ గట్టిగా ఉంటుంది, ఐస్ హాలులో మరీను. అమ్మ శాలువ మరచిపోకండి.

మోకాళ్ల నొప్పి, సముద్రపు వికారం ఉన్నవారు ఎక్కడ కూర్చోవాలి?

పెద్ద థియేటర్ చాలా ఓడలలో ముందు భాగంలో ఉంటుంది. ఊపు అక్కడే ఎక్కువ తెలుస్తుంది. వికారం ఉన్నవారు కింది అంతస్తులో, వెనక వరుసలో, దారి పక్కన కూర్చుంటే లేచి వెళ్లడమూ తేలిక. మెట్లు ఎక్కలేనివారు లిఫ్టు నుంచి నేరుగా వచ్చే తలుపు ఏ డెక్ మీద ఉందో సిబ్బందిని అడగాలి. అదే హాలుకు రెండు మూడు డెక్కుల నుంచి దారులు ఉంటాయి. చక్రాల కుర్చీకి చోట్లు లెక్కగా ఉంటాయి కాబట్టి, గది బుక్ చేసేటప్పుడే చెప్పి, ఓడ ఎక్కాక మళ్లీ గుర్తుచేయండి. మన తాతల తరం గోపాల్‌పూర్ నుంచి రంగూన్ స్టీమరు డెక్ మీద పడుకుని పోయింది గానీ, ఇప్పుడు ఆ సాహసాలు ఎందుకు?

గాలి వానకు షో రద్దయితే?

ఆరుబయట వేసే నీటి షో గాలి ఎక్కువైనా, ఓడ ఊగినా ఆపేస్తారు. కళాకారుడు దూకే క్షణానికీ నీళ్లు తాకే క్షణానికీ మధ్య ఓడ పక్కకు ఒరిగితే ప్రమాదం. ఐస్ షోకూ ఇదే భయం. ఉచిత షో కాబట్టి పరిహారం ఉండదు. మరో రోజు వేస్తే యాప్‌లో కబురు వస్తుంది, కొన్నిసార్లు పాత బుకింగ్ ఉన్నవారికి ముందు అవకాశం ఇస్తారు, కొన్నిసార్లు మళ్లీ అందరితో పాటే పోటీ. అందుకే ఆరుబయటి షోను చివరి రాత్రికి ఎప్పుడూ పెట్టుకోకండి. ముందటి రోజుల్లో పెట్టుకుంటే రద్దయినా ఇంకొక అవకాశం మిగులుతుంది.

పిల్లల క్లబ్బుకు కూడా ముందే పేరు ఇవ్వాలా?

చాలా ఓడలలో మూడేళ్లు నిండిన పిల్లలను తీసుకుంటారు, అంతకన్నా చిన్నవారితో తల్లిదండ్రులు ఉండాలి. వివరాలు ముందే ఇచ్చినా ఇవ్వకపోయినా ఓడ ఎక్కిన రోజు సాయంత్రం అక్కడికి వెళ్లి సంతకం పెట్టాలి. పిల్లలు అక్కడ ఉండగా మీరు షో చూద్దామనుకుంటే, క్లబ్బు ఎన్నింటికి మూస్తారో, ఆ తర్వాత గంటకు ఎంత తీసుకుంటారో అడగండి.

ఎక్కిన రోజు సాయంత్రానికే షో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు గానీ ముందు భద్రతా శిక్షణ పూర్తి చేయాలి. 2012లో ఇటలీ తీరంలో జరిగిన కోస్టా కాంకోర్డియా ఓడ ప్రమాదం తర్వాత నియమాలు బిగించారు. ప్రయాణికులందరూ ఓడ కదిలేలోపు గానీ, కదిలిన వెంటనే గానీ ఇది చేసి తీరాలి. ఇప్పుడు చాలా ఓడలలో యాప్‌లో వీడియో చూసి, మీకు కేటాయించిన చోటికి వెళ్లి కార్డు చూపిస్తే పని అయిపోతుంది. దాన్ని ముందు ముగించండి.

రాయగడ నుంచి విజయనగరం మీదుగా, గుణుపురం, పర్లాకిమిడి నుంచి నౌపడా మీదుగా వచ్చి విశాఖలో విమానమో ఓడో ఎక్కేవారు ఒక రోజు ముందే విశాఖ చేరుకోండి. సింగపూర్‌కు రాత్రి విమానంలో దిగి మధ్యాహ్నం ఓడ ఎక్కేవారు ఆ రాత్రికి ఏమీ పెట్టుకోకుండా నిద్రపోయి, రెండో రాత్రి నుంచి మొదలుపెట్టండి.